అంగారకుడికి పర్మిట్ అక్కర్లేదు

2013 నవంబరు 5న శ్రీహరికోటలో ఎగిరిన మంగళయాన్ 2014 సెప్టెంబరు 24న అంగారకుడి కక్ష్యలోకి చేరింది. పదకొండు నెలలు కూడా పట్టలేదు. అదే ఇస్రో వారి తిరువనంతపురం కేంద్రం కోసం మహారాష్ట్రలో తయారైన ఆటోక్లేవ్ అనే భారీ యంత్రం 2019 జూలైలో ట్రైలర్ ఎక్కి, 2020 జూలైలో తిరువనంతపురం చేరింది. దూరం సుమారు 1,700 కిలోమీటర్లు. దారిలో గురుత్వాకర్షణ సమస్యలేమీ లేవు. రాష్ట్రాలున్నాయి.

పాపం, తప్పంతా కాగితాలదే అనకూడదు. యంత్రం బరువు 70 టన్నులు, ఎత్తు ఏడున్నర మీటర్లు. మోసే బండికి 74 చక్రాలు. రోజుకు అయిదు కిలోమీటర్లు కదిలితే ఆ రోజు పండగ. దానికి తోడు కరోనా వచ్చింది. లాక్‌డౌన్ వేళ మన ఆంధ్రప్రదేశ్‌లో బండిని సుమారు నెల రోజులు ఆపేశారు. రాకెట్లను పంపించే రాష్ట్రం కదా, భూమ్మీద నడిచేవాటి మీద అంత నమ్మకం ఉండకపోవచ్చు.

ఇలాంటి సరుకును రవాణా రంగంలో ఓడీసీ అంటారు. మామూలు లారీ వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదు, ఎత్తు 4 మీటర్లు దాటకూడదు. ట్రాన్స్‌ఫార్మర్లు, బాయిలర్ డ్రమ్ములు, రిఫైనరీ రియాక్టర్లు, గాలిమర రెక్కలు ఈ చట్టాలు చదువుకుని పుట్టవు. వాటికోసం ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. తప్పు లేదు. మూడొందల టన్నుల ఇనుము అడగాపెట్టకుండా ఊళ్లోకి రాకూడదు కదా. కానీ ఎవర్ని అడగాలి? జాతీయ రహదారైతే కేంద్ర రోడ్డు రవాణా శాఖను, రాష్ట్ర రహదారైతే ఆర్ అండ్ బీని, కరెంటు తీగలకు విద్యుత్ సంస్థను, గేటు దాటడానికి రైల్వేను, ఊరు దాటడానికి పోలీసులను, అడ్డొచ్చిన కొమ్మ కొట్టాలంటే ఆ చెట్టు ఎవరిదో వాళ్లను. ఇందరిలో ఎవరూ "కాదు" అనరు. ప్రతివాళ్లూ "ముందు వాళ్ల అనుమతి తెచ్చుకో" అంటారు.

వంతెన దాటే నిబంధన మాత్రం ముచ్చటగా ఉంటుంది. గంటకు 5 కిలోమీటర్లు మించకూడదు. సరిగ్గా మధ్యలో నడవాలి. ఆ సమయంలో వంతెన మీద ఇంకో బండి ఉండకూడదు. బ్రేకు వేయకూడదు. పెళ్లిపీటల దగ్గరికి నడిచే పెళ్లికూతురు కూడా అంత ఒద్దికగా నడవదు. ఇందులో ఎగతాళికి చోటు లేదు, ఇంజినీర్లు లెక్క కట్టి పెట్టిన షరతులివి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి వంతెనల కోడ్‌లో ఇరవై యాక్సిళ్ల ట్రైలర్‌తో కలిపి 385 టన్నుల ప్రత్యేక వాహనానికి లెక్క ఉంది. అంటే రాబోయే బరువు కోడ్‌కు తెలుసు. తెలియనిదల్లా సరిహద్దులో కుర్చీ వేసుకున్న పెద్దమనిషికి. అక్కడ ఇలా జరుగుతుందని నా ఊహ:

"వెడల్పెంత?"

"ఆరున్నర మీటర్లు సార్."

"మా రోడ్డు పడుతుందా?"

"రోడ్డు మీదే కదా సార్, మీకే తెలియాలి."

"ఇంతదాకా ఎట్లా వచ్చావు?"

"పక్క రాష్ట్రం పర్మిట్ ఉంది సార్."

"ఉంటే అక్కడే ఉండాల్సింది. సరే, రేపు రాత్రి రా."

"బండి ఇక్కడే ఉంది కదా సార్. నేనెక్కడికి పోయి రమ్మంటారు?"

దేవుడికైతే ఈ తిప్పలుండవనుకుంటాం. 2018 డిసెంబరులో తమిళనాడులోని వందవాసి దగ్గర కొరక్కోట్టై నుంచి ఏకశిలా విష్ణుమూర్తి బెంగళూరు ఎజిపురాలోని కోదండరామస్వామి గుడికి బయల్దేరాడు. ఎత్తు 64 అడుగులు, బరువు మూడొందల టన్నుల పైమాట, బండికి 240 టైర్లు. అది విశ్వరూపం. ఆ రూపం చూసి అర్జునుడు భయపడి చేతులు జోడించాడు. మన జిల్లాల అధికారులు జడుసుకోలేదు, కొలతలడిగారు. టైర్లు పేలాయి. సందుల్లో ఇళ్ల ముంగిళ్లు, దుకాణాల ముందు భాగాలు కొట్టాల్సివచ్చింది. వంతెన మోయదన్న చోట పక్కన మట్టి దారి వేశారు, వాన పడితే ఆ దారే పోయింది. 2019 జూన్‌కు గానీ స్వామి బెంగళూరు చేరలేదు. వామనావతారంలో మూడడుగుల్లో మూడు లోకాలు కొలిచినవాడు, పక్క రాష్ట్రానికి ఆరు నెలలు. వామనుడిగానే వచ్చి గుళ్లో పెరిగుంటే ఏ గొడవా ఉండేది కాదు, 2.6 మీటర్లలో సరిపోయేవాడు.

ఇన్ని చేతులు మారిన అనుమతి పత్రంలో చివరికి ఏముంటుంది? దారిలో ఏది కూలినా, ఏది తెగినా బాధ్యత రవాణాదారుదేనని రాసి ఉంటుంది. మరి ఇందరు సంతకాలెందుకు పెట్టినట్టు? తమకు బాధ్యత లేదని చెప్పడానికే.

ఇది మన దగ్గరే పుట్టిన తెలివి కాదు. అమెరికాలోనూ ఓవర్‌సైజ్ లోడ్లకు ఏ రాష్ట్రం పర్మిట్ ఆ రాష్ట్రానిదే. 2013 మే 23న వాషింగ్టన్ రాష్ట్రంలో ఐ-5 హైవే మీద స్కాజిట్ నది వంతెనను ఒక లారీ లోడు తాకింది. ఆ లారీకి చక్కటి పర్మిట్ ఉంది. ఎత్తు ఇంత అని అందులో రాసీ ఉంది. అయితే ఆ ఎత్తు ఆ వంతెన కింద పడుతుందా లేదా అన్నది పర్మిట్ ఇచ్చేవాళ్లు చూసే పని కాదు, తీసుకునేవాళ్లు చూసుకోవాలి. ముందు పైలట్ కారుంది. దానికి ఎత్తు కొలిచే గెడ ఉంది. నడిపే మనిషి చెవిన ఫోనూ ఉంది. లోడు పై కమ్మీలకు తగిలింది, వంతెనలో ఒక భాగం నదిలో పడింది, దాంతోపాటు వేరే రెండు బండ్లు పడ్డాయి. వాటిలోని ముగ్గురినీ ప్రాణాలతో తీశారు, అదొక్కటే అదృష్టం. లారీ మాత్రం గట్టు మీదే ఉంది, పర్మిట్‌తో సహా.

ఇక అసలు బరువు సంగతికొద్దాం. ఓడీసీ బండికి దాక్కునే చోటు లేదు. ఊరంతా చూస్తుంది, పిల్లలు వెంటపడతారు, సెల్ఫీలు దిగుతారు. పాపం అది దొంగతనం చేద్దామన్నా చేయలేదు. కాబట్టి చట్టానికి దొరుకుతుంది. ఇసుక టిప్పరు అలా కాదు. పైన పరదా కడితే లోపల ఎంతుందో కాటాకు తప్ప ఎవరికీ తెలియదు. కాటా దగ్గరికి వెళ్తేనే కదా.

చట్టంలో లోటేమీ లేదు. మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ ప్రకారం అధిక లోడుకు 20,000 రూపాయలు, పైన ప్రతి టన్నుకు మరో 2,000. 2019 సవరణ తెచ్చిన రేట్లివి. పది టన్నులు ఎక్కువైతే 40,000. అంతటితో అయిపోదు, ఎక్కువైన సరుకు దించేదాకా బండి కదలకూడదు. చలానా కట్టించుకున్నాక అక్కడే దించి కుప్ప పోసిన ఇసుకను మీరెన్నిసార్లు చూశారు? నేనైతే రోడ్డు మధ్యలో దానంతటదే రాలిన ఇసుకనే చూశాను.

ఒకప్పుడు కొన్ని రాష్ట్రాలు ఈ మొహమాటం కూడా తీసేశాయి. ముందుగానే సొమ్ము కట్టించుకుని గోల్డ్ కార్డులిచ్చాయి. కార్డు చూపిస్తే అధిక లోడు కూడా సలక్షణమైన లోడు అయిపోతుంది. 2005 నవంబరులో పరంజీత్ భాసిన్ కేసులో సుప్రీంకోర్టు ఇదేం పద్ధతని నిలదీసి, జరిమానా కట్టినా సరుకు దించాల్సిందేనని తేల్చింది. దాంతో కార్డులు పోయాయి. దానికంటే చవకైన పద్ధతులు ఉండనే ఉన్నాయి, వాటికి రసీదు అక్కర్లేదు.

2018 జూలైలో కేంద్రం ఇంకో దారి కనిపెట్టింది. నాలుగు టైర్ల సింగిల్ యాక్సిల్ మీద అప్పటిదాకా 10.2 టన్నులు మోయవచ్చు. దాన్ని 11.5 చేసింది. జంట యాక్సిళ్లకు 19 ఉంటే 21. రవాణా ఖర్చు తగ్గుతుందని కారణం చెప్పారు, అందులో నిజమూ ఉంది. మొత్తానికి ఒక రాత్రి పడుకుని లేచేసరికి లక్షలాది లారీలు, ఒక్క కిలో దించకుండానే, నేరం తగ్గించుకున్నాయి. దొంగను పట్టుకోలేకపోతే గోడను వెనక్కి జరపడం పాత చిట్కానే. లారీవాళ్లూ తక్కువ తినలేదు, కొత్త హద్దు నుంచి లెక్క మళ్లీ మొదలుపెట్టారు.

ఇక్కడ రోడ్డు అభిప్రాయం కూడా కనుక్కోవాలి. 1958 నుంచి 1960 దాకా అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం ఒట్టావా దగ్గర రోడ్లు వేసి మరీ లారీలు తిప్పి పరీక్షించారు. యాక్సిల్ మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం రెట్టింపు కాదు, దాదాపు పదహారు రెట్లని తేలింది. ఒకటిన్నర రెట్లయితే అయిదు రెట్లు. ఇప్పుడు దేవుడి బండిని చూడండి. ట్రైలర్‌తో కలిపి 480 టన్నులనుకున్నా, 240 టైర్లకు పంచితే టైరుకు రెండు టన్నులు. చట్టం ఒప్పుకున్న 11.5 టన్నుల యాక్సిల్‌లోనే టైరుకు మూడు టన్నులకు కాస్త తక్కువ. ఇక చట్టం ఒప్పుకోని టిప్పరు సంగతి మీరే వేసుకోండి. ఆరు నెలలు ఆపుకుంటూ, తడుముకుంటూ నడిపించిన విష్ణుమూర్తి కంటే, తెల్లవారుజామున దూసుకుపోయే ఇసుకే రోడ్డును ఎక్కువ తొక్కుతోంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఓడీసీ అనుమతి విడదీయలేని సరుకుకే ఇస్తారు. ట్రాన్స్‌ఫార్మర్‌ను రెండు ముక్కలు చేసి రెండు లారీల్లో వేయలేం కాబట్టి అడగవచ్చు. ఇసుకను రేణువు రేణువుగా విడదీయవచ్చు కాబట్టి అడగడానికి వీల్లేదు. దీని ఫలితం ఎలా ఉంటుందో, వంతెన రిపోర్టు కోసం హైవే పక్కన బండి ఆపుకున్న ట్రైలర్ డ్రైవరు, టీకి ఆగిన టిప్పరు డ్రైవరు మాట్లాడుకుంటే తెలుస్తుంది.

"ఎన్నాళ్లయిందన్నా ఇక్కడ?"

"పన్నెండు రోజులు తమ్ముడూ. ముందున్న వంతెన మోస్తదా లేదా అని ఇంజినీర్లు రాసియ్యాలంట."

"పర్మిట్‌కి పెట్టుకున్నావా?"

"పెట్టుకోకుండా ఎట్లా?"

"అదే నువ్వు చేసిన తప్పు."

"నీకు మాత్రం అక్కర్లేదా? ఆ టైర్లు చూస్తే లోపల డబల్ లోడున్నట్టుంది."

"ఇసుక ఎక్కువ పోసుకుంటానని పెట్టుకోడానికి దరఖాస్తు ఫారమే లేదన్నా. ఫారమే లేని పనికి లేటెక్కడిది?"

టీ డబ్బులిచ్చి, రిపోర్టు రావాల్సిన ఆ వంతెన మీద నుంచే ఎనభై స్పీడులో పోయాడు.