పిచ్చి జాక్‌కి పిచ్చి కుదిర్చారు

మనిషికి మతి ఉందో పోయిందో తేల్చడంలో బ్రిటిష్ యుద్ధశాఖను మించిన వైద్యుడు ఇంకా పుట్టలేదు. సందేహమైతే సిగ్ఫ్రీడ్ ససూన్ కేసు చూడండి.

నక్కల వేట, క్రికెట్, కవిత్వం తప్ప వేరే పని ఎరగని శ్రీమంతుడు. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన 1914లోనే, నిర్బంధ సైనిక సేవ ఇంకా రాకముందే, తనంత తాను పటాలంలో చేరాడు. మరుసటి ఏడు రాయల్ వెల్ష్ ఫ్యూజిలీర్స్‌లో ఆఫీసరయ్యాడు. 1916 మేలో తూటాల మధ్య గంటన్నరసేపు తిరిగి గాయపడ్డవాళ్లను చేరవేసినందుకు మిలిటరీ క్రాస్ ఇచ్చారు. జూలైలో మామెట్జ్ దగ్గర జర్మన్ కందకం మీదికి ఒక్కడే పోయి, ఉన్నవాళ్లను తరిమేసి, అక్కడే చతికిలబడి కవిత్వ పుస్తకం చదువుకున్నాడని మిత్రుడు రాబర్ట్ గ్రేవ్స్ రాశాడు. తోటివాళ్లు ముద్దుగా ‘పిచ్చి జాక్’ అన్నారు. ఇతన్ని డాక్టరుకు చూపిద్దామని మాత్రం ఒక్కరికీ తోచలేదు. నిక్షేపంలా ఉన్నాడు మరి!

1917లో భుజానికి తూటా తగిలి ఇంటికొచ్చాక రోగం బయటపడింది: ఆలోచించడం మొదలుపెట్టాడు. ఆత్మరక్షణకని మొదలైన యుద్ధం ఆక్రమణకై సాగుతోందని, ఆపగలిగినవాళ్లే కావాలని సాగదీస్తున్నారని రాసి పై అధికారికి పంపాడు. కోర్టు మార్షల్ పెడితే లోకమంతా వింటుంది. అందుకని వైద్యుల బోర్డు పెట్టారు. మిత్రుణ్ణి జైలు తప్పించాలని సాక్ష్యానికొచ్చిన గ్రేవ్స్ బోర్డు ముందు తనే ఏడ్చేశాడు. బోర్డు ఆస్పత్రికి పంపమంది. రోగిని అక్కడ దిగబెట్టే బాధ్యతా గ్రేవ్స్‌దే. ఆయనకు రైలు తప్పిపోయింది. పిచ్చివాడే వేళకు రైలెక్కి, ఎడింబరో దగ్గర క్రెయిగ్‌లాక్‌హార్ట్‌లో తనను తాను అప్పగించుకున్నాడు. జూలై 30న ఆ ప్రకటనను పార్లమెంటులో చదివేసరికి ప్రభుత్వం చేతిలో జవాబు సిద్ధం: పాపం, ఆరోగ్యం బాలేదు.

అక్కడి డాక్టరు రివర్స్ సామాన్యుడు కాదు. మన నీలగిరుల్లో తోడాల మధ్య తిరిగి, వాళ్ల ఆచారాల మీద 1906లో లావుపాటి పుస్తకం వేసినవాడు. ఈసారి ఆయనకు దొరికిన తెగ మరీ వింతది: చావుకు ఎదురెళ్తే పతకం, ఎందుకని అడిగితే మంచం.

చికిత్స అంటే కబుర్లు, గోల్ఫ్. నవంబరులో రోగి మళ్లీ యుద్ధానికి పోతానన్నాడు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండన్నట్టు, బోర్డు సంబరంగా పంపించింది. 1918 జూలైలో ఫ్రాన్స్‌లో గస్తీ ముగించి వస్తుంటే, శత్రువనుకుని సొంత సార్జెంటే తల మీద కాల్చాడు. ఎలాగో బతికాడు.

ఇదంతా ఆఫీసరుగారికి దక్కిన మర్యాద. బెదిరిపోయో, బుర్ర చెదిరో వెనక్కి నడిచిన మామూలు సిపాయికి కబుర్లూ లేవు, గోల్ఫూ లేదు. కొందరినైతే తెల్లవారుజామున కట్టేసి కాల్చారు. అలా పోయిన 306 మందికి 2006లో క్షమాభిక్ష పెట్టారు. ఆ జాబితాలో ఆఫీసర్లను లెక్కించడానికి ఒక చేతి వేళ్లు చాలు, మిగులుతాయి కూడా. క్షమించిన చట్టంలోనే ఇంకో వాక్యం జాగ్రత్తగా చేర్చుకున్నారు: తీర్పుగానీ శిక్షగానీ దీనివల్ల మారవు.