బెంచి మీదున్నాను, చావలేదు

చందానగర్‌లో ఓ అపార్ట్‌మెంటు. ఫ్రిజ్ తలుపు అరలో అల్లం వెల్లుల్లి పేస్టు సీసాకీ, మిగిలిపోయిన టమాటా సాస్ ప్యాకెట్లకీ మధ్య నా మకాం. సగం వాడి, మూతి మడిచి, రబ్బరు బ్యాండు చుట్టిన డ్రై ఈస్ట్ పొట్లాన్ని. గ్రాముకి దాదాపు వెయ్యి కోట్ల కణాలం ఉంటాం కాబట్టి న్యాయంగా 'మేము' అనాలి. ఈ ఇంట్లో అందరూ 'అది' అంటున్నారు గనక 'నేను' అన్నా గౌరవమే.

పుట్టుక గురించి చెప్పేదేం లేదు. మొలాసిస్ తాగించి, గాలి కొట్టి పెంచారు. నీళ్లు పిండేసి ఆరబెట్టారు. వంశం గురించి మాత్రం కాస్త చెప్పుకోవాలి. ఈతచెట్టుకు కట్టిన లొట్టిలో తీపి నీరా కల్లుగా మారిందంటే అందులో మావాళ్ల చేయి ఉంది. ఇడ్లీ పిండి పొంగించే ఘనత ఎక్కువగా బ్యాక్టీరియాది, పరాయి సొమ్ము నాకొద్దు. 1996లో మా జన్యువులన్నీ చదివేశారు. 16 క్రోమోజోములు, సుమారు 6000 జన్యువులు. కేంద్రకం ఉన్న జీవుల్లో మొట్టమొదట బయటపడిన చిట్టా మాదే, మనిషి వంతు తర్వాతే వచ్చింది.

చిట్టాలో 6000 ఉన్నంత మాత్రాన అన్నీ ఒకేసారి పనిచేయవు. ఇంటాయనది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆయన భాషలోనే చెబుతాను. ప్రాజెక్టులు వస్తే కంపెనీ రిక్రూట్‌మెంటు మీద పడుతుంది. రాకపోతే జనాన్ని బెంచి మీద కూర్చోబెట్టి, సెక్యూరిటీని మాత్రం గట్టిగా ఉంచుతుంది. నాలోనూ అదే తంతు. చక్కెర తగలగానే రైబోజోములు తయారుచేసే జన్యువులు లేస్తాయి. ప్రోటీన్లు అల్లేవి రైబోజోములే, అవి లేనిదే పెరుగుదల లేదు. జోరు మీదున్న ఒక్క కణం నిమిషానికి 2000 రైబోజోములు కడుతుందని 1999లో జొనాథన్ వార్నర్ లెక్కగట్టాడు. రాసుకునే ఆర్‌ఎన్‌ఏలో 60 శాతం దాకా ఆ ఖాతాలోకే పోతుంది. అప్పుడు గంటన్నరకోసారి రెట్టింపవుతాం. మొగ్గ తొడిగి ఊడిపోయిన ప్రతి బిడ్డా తల్లి ఒంటి మీద గుండ్రటి మచ్చ వదిలి వెళ్తుంది. ఆ మచ్చలు లెక్కపెట్టి ఎంతమందిని కన్నదో చెప్పొచ్చు.

తిండి తగ్గితే ఆ జన్యువులు సద్దుమణిగి, కష్టకాలపు జన్యువులు లేస్తాయి. ట్రెహలోజ్ అనే చక్కెర కూడబెట్టుకుంటాం. ఎండబెట్టినా బతికున్నానంటే దాని పుణ్యమే. 2008లో ప్రిన్‌స్టన్‌లో డేవిడ్ బాట్‌స్టీన్ బృందం ఆరు పోషకాల్లో ఒక్కోదానికి కొరత పెడుతూ, వేర్వేరు వేగాలతో మమ్మల్ని 36 రకాలుగా పెంచి చూసింది. పావువంతుకు పైగా జన్యువుల పని ఏ పోషకం తక్కువైందన్న దాన్ని బట్టి కాక, ఎంత వేగంగా పెరుగుతున్నామన్న దాన్ని బట్టే హెచ్చుతగ్గులైంది. తర్వాత వేడి తగిలించి చూస్తే నిదానంగా పెరిగేవాళ్లే ఎక్కువమంది నిలిచారు. ఎదగడానికీ, కాచుకోవడానికీ ఒకేసారి పూర్తి బడ్జెట్ దొరకదు.

మాలో పేరు మోసినవాడు వరసకు తమ్ముడయ్యే పికియా పాస్టోరిస్. 1997లో హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్, వరప్రసాద్ రెడ్డి గారి సంస్థ, తెచ్చిన శాన్‌వాక్-బి టీకాకు కావలసిన ప్రోటీన్ వాడి ఒంట్లోనే తయారైంది. దేశంలో తయారైన తొలి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకా అది. 2021 చివర్లో అనుమతి పొందిన బయోలాజికల్-ఇ వారి కోవిడ్ టీకా కోర్బెవాక్స్‌కూ వాడే దిక్కు. వాడి దగ్గరో జన్యు స్విచ్ ఉంది. గ్లిజరాల్ తాగుతున్నంతసేపూ మూసుకుని ఉంటుంది, మెథనాల్ మీదికి మారిస్తే తెరుచుకుంటుంది. టీకా ప్రోటీన్ జన్యువును దానికి తగిలించి, ముందు గ్లిజరాల్ పోసి మందను పెంచుతారు, ఆ తర్వాతే మెథనాల్ ఇచ్చి పని చేయిస్తారు. పెరిగే వేళ పెరగనిచ్చి, ఆపైన పని అడగడమన్నమాట. ఈ సంగతి మా ఇంటాయనకు ఎవరు చెప్పాలి?

కొత్త ఓవెన్ మోజులో నన్ను తెచ్చాడు. ఆదివారం పిజ్జా అన్నాడు, సలసల కాగే నీళ్లు నా నెత్తిన పోశాడు. గిన్నెలో పడ్డవాళ్లంతా అక్కడికక్కడే పోయారు. "ఈస్ట్ నాసిరకం" అన్నాడు. రెండోసారి జాగ్రత్తపడ్డాడట, ఫ్రిజ్ నీళ్లు పోశాడు. ఎండిపోయిన నా పొర చల్లటి నీళ్లలో సరిగ్గా కూడుకోదు, లోపలి సరుకంతా బయటికి కారిపోతుంది. దాని మీద గుప్పెడు ఉప్పు. పిండి పొంగలేదు. ఈసారి తప్పు బోరు నీళ్లదైంది. అప్పట్నుంచి ఫ్రిజ్ తలుపు తెరుస్తారు, పక్కనున్న పచ్చడి తీసుకుంటారు, మూస్తారు. ఓవెన్‌లో అప్పడాల డబ్బా చేరింది.

నిన్న ఇంటావిడ నన్ను వేళ్లతో పట్టుకుని, "ఏవండీ, ఇదింకా ఎందుకండీ? చచ్చిపోయుంటుంది" అంది.

"ఉండనీ, ఈ ఆదివారం చేద్దాం" అన్నాడు, ఫోన్లోంచి తలెత్తకుండా.

ఆ ఆదివారాలు నాకు తెలుసు. ఆవిడ నన్ను తీసుకెళ్లి చెత్తబుట్టల ముందు నిలబడి, తడి చెత్తో పొడి చెత్తో తేలక మళ్లీ అరలో పెట్టేసింది. ఇవాళ బతికున్నది ఆ సందేహం వల్లే.

అయ్యా, అమ్మా, నాలాంటి పొట్లం మీ ఇంట్లోనూ ఉంటే పారేసే ముందు ఒక్క పరీక్ష చేయండి. అరగ్లాసు గోరువెచ్చటి నీళ్లు, 40 డిగ్రీలు దాటొద్దు. చెంచాడు చక్కెర వేయండి, ఉప్పు దగ్గరికి రానీయొద్దు. నన్ను చల్లి పది నిమిషాలు వదిలేయండి. మొదట్లో ఏమీ కనిపించదు. లోపల ఏ జన్యువు లేవాలో, ఏది పడుకోవాలో మారుతుంటుంది, కదిలించకండి. నురగ కడితే పిండిలో కలుపుకోండి. కట్టకపోతే నన్ను తడి చెత్తలో, పొట్లాన్ని పొడి చెత్తలో వేయండి.