ఆరు గంటల సైరన్

నేను ఫిట్టర్‌ని. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో కొలువు, ఇస్నాపూర్‌లో కాపురం. పద్నాలుగేళ్లుగా నా చేతిలో పడ్డ ఏ పంపూ దారికి రాకుండా పోలేదు. ఆ పొగరుతోనే తండ్రినయ్యాను.

మావాడికి మూడు వారాలు నిండాయో లేదో, సాయంత్రం ఆరయ్యేసరికి మొదలు. కంపెనీ సైరనైనా ఒక్కోరోజు ఆలస్యమవుతుందేమో గానీ వీడు కాడు. పిడికిళ్లు బిగించి, మోకాళ్లు పొట్టకు ముడిచి, మొహం కందగడ్డ చేసుకుని తొమ్మిదిదాకా ఒకటే రాగం. పాలు తాగాడు, తేన్పొచ్చింది, పక్కగుడ్డ పొడిగా ఉంది. మరి లోపమెక్కడ?

అత్తమ్మ పొట్టకు ఇంగువ రాసింది, ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసింది, వస తేనెలో అరగదీసి నాకిస్తానంది. నేను గ్రైప్ వాటర్ తెచ్చాను. దాన్ని 1851లో ఇంగ్లండులో ఉడ్‌వర్డ్ అనే ఆయన తయారుచేశాడట. అప్పట్లో అందులో ఆల్కహాలుండేదట, తర్వాత తీసేశారు. తీసేయకపోతే నేనే ఒక మూత పుచ్చుకునేవాణ్ని.

ఆ తర్వాత చేసిన ఘనకార్యం చెప్పుకోవడానికి సిగ్గే. అడిగి మరీ సెకండ్ షిఫ్ట్ వేయించుకున్నాను. ఇంట్లో మాత్రం "పని ఒత్తిడి" అన్నాను. కంప్రెసర్ రొద నాకు జోలపాటలా ఉండేది. అయిదో రోజు మా ఆవిడ ఫోన్: "ఒత్తిడేం లేదటగా! నువ్వే అడిగి వేయించుకున్నవట!"

మర్నాడు పొద్దున్నే సంగారెడ్డిలో పిల్లల డాక్టరమ్మ ముందున్నాం. ఏడుపు వేళలన్నీ రాసిన నా లాగ్‌బుక్కు ఇస్తే పక్కన పెట్టేసి బిడ్డ బరువు తూచింది. గజ్జలు నొక్కింది. కాలివేళ్లు ఒక్కొక్కటే విప్పి చూసింది. తల్లి వెంట్రుక చుట్టుకుని బిగిసినా ఇలాగే ఏడుస్తారట. ఫిట్టర్ని, ఆ పది వేళ్లూ నేనొక్కసారైనా చూసి ఉంటే ఒట్టు!

"ఏ పార్టు పోయింది మేడమ్?"

"ఏదీ పోలేదు. బరువు బాగానే పెరుగుతున్నడు. ఇది కోలిక్."

రోజుకు మూడు గంటలకు మించి, వారంలో మూడు రోజులకు మించి ఏడిస్తే కోలిక్ అని 1954లో వెసెల్ అనే అమెరికా డాక్టరు, ఆయన తోటివాళ్లు లెక్కగట్టారట. ఆరో వారానికి ముదిరి, మూడు నాలుగు నెలలకు దానంతటదే తగ్గుతుందట. బాగుచెయ్యడానికేమీ లేదనడం నా వృత్తికే అవమానం.

వసా తేనే నాకించొద్దంది. విసుగొస్తే మంచం మీద కాదు, ఉయ్యాల్లో వెల్లకిలా పడుకోబెట్టి కాసేపు అవతలికి పొమ్మంది, కోపంలో బిడ్డను కుదిపితే మెదడుకే దెబ్బట. ఆపైన గొంతు మారింది. జ్వరం 100.4 డిగ్రీలకు చేరినా, పచ్చటి వాంతయినా, దొడ్డికి రక్తం పడినా, పాలు ముట్టకపోయినా, లేపినా లేవకుండా వాడిపోయినా, మాడు ఉబ్బినా, ఆయాసపడ్డా అది కోలిక్ కాదు. "అప్పుడు లాగ్‌బుక్కు రాసుకుంట కూసోకు. 108కి కొట్టు."

ఇప్పుడు జనరల్ షిఫ్ట్‌కు మారాను. ఆరింటికి బిడ్డను భుజానేసుకుని వరండాలో తిరుగుతూ, గొంతులోంచి "గుమ్మ్..." అని కంప్రెసర్ మోత తీస్తాను. నిన్న నాలుగు నిమిషాలు ఊరుకున్నాడు. తలుపు సందులోంచి చూస్తున్న అత్తమ్మ గబగబా లోపలికెళ్లి, ఉప్పూ మిరపకాయలూ తెచ్చి, ఈసారి నా చుట్టూ తిప్పింది.