బిళ్ళల బాబాయి

ప్రతి చుట్టరికంలోనూ ఒక బిళ్ళల బాబాయి ఉంటాడు. ఉద్యోగం అయిపోయి, పిల్లలు స్థిరపడి, బీపీ మాత్ర వేసుకోవడం తప్ప వేరే బాధ్యత లేని మనిషి. ఇంట్లో బిస్కెట్ల డబ్బాలన్నిటి నిండా పాత బ్యాడ్జీలే: పోలీసు టోపీలవి, స్కౌట్లవి, రైల్వే కూలీలవి, ఎన్నికల్లో పంచినవి, 1980 మాస్కో ఒలింపిక్స్ మిషా ఎలుగుబంటివి. కూడబెట్టడం వరకూ ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా వాటిని ఏమని పిలవాలన్న దగ్గరే. చూడవచ్చినవాడు మర్యాదకు "మంచి మెడల్ బాబాయ్" అన్నాడా, వాడి కాఫీ చల్లారిపోయినట్టే. అది మెడల్ కాదు, బ్యాడ్జి. పక్కది బ్యాడ్జి కాదు, లాపెల్ పిన్. దాని పక్కది రెండూ కాదు, ఇన్‌సిగ్నియా. అదీ ఒక్కటే ఉంది కనక లాటిన్ ప్రకారం ఇన్‌సిగ్నే అనాలి. తనను తాను ఫాలరిస్ట్ అని చెప్పుకుంటాడు. రోమన్ సైనికులు రొమ్ము మీద పెట్టుకున్న ఫాలరే అనే బిళ్ళల నుంచి వచ్చిన పేరది. ఎదురింటావిడ దాన్ని ఫ్లోరిస్ట్‌గా విని పెళ్ళి దండల రేటు అడిగినా ఆయనకు కోపం రాదు. కాగితం తెప్పించి స్పెల్లింగు రాసిస్తాడు.

నవ్వడం తేలికే గాని, ఆయన వాదంలో సగం నిజం ఉంది. పోలీసు భుజం మీద మూడు నక్షత్రాలుంటే అది సీఐయా, డీఎస్పీయా? నక్షత్రాల కింద ఎరుపు నీలం రంగుల రిబ్బను ఉంటే సీఐ, లేకపోతే డీఎస్పీ. వేలెడంత గుడ్డముక్క ఒక హోదానే మార్చేస్తుంది. తెలుగు సినిమాలో డీఎస్పీ భుజాన ఆ రిబ్బను కనబడితే బాబాయికి ఇక కథ ఎక్కదు. హాల్లోనే గొణుగుతాడు, పక్కవాళ్ళు ఉష్ ఉష్ అంటారు, అయినా తప్పు ఎవరిదయ్యా అంటే సినిమాదే. పరమవీర చక్ర సంగతీ అంతే. స్విట్జర్లాండ్‌లో పుట్టిన సావిత్రి ఖనోల్కర్ రూపమిచ్చిన ఆ చిన్న కంచు బిళ్ళ మీద మధ్యన రాజ్యచిహ్నం, చుట్టూ ఇంద్రుడి వజ్రాయుధాలు నాలుగు, వెనక రెండు తామరలు, పైన ఊదా రిబ్బను. అదే వీరుడికి రెండోసారి ఇవ్వాల్సివస్తే ఇంకో చక్రం ఇవ్వరు, రిబ్బను మీదికి ఒక బార్ చేరుస్తారు. దాన్ని ఎవరైనా క్లాస్ప్ అంటే బాబాయి నొచ్చుకోవడంలో అన్యాయం లేదు. పద్మ పురస్కారాలు బిరుదులు కావనీ, పేరుకు ముందూ వెనకా తగిలించుకోకూడదనీ 1995లో సుప్రీంకోర్టే చెప్పింది. శుభలేఖలో ఎవరి పేరుకు ముందైనా పద్మశ్రీ కనబడితే ఆయన ఫోన్ చేసేది పెళ్ళివారికి శుభాకాంక్షలు చెప్పడానికి కాదు.

ఆయన బోల్తా పడేదల్లా రెండో సగంలో. ప్రతి వస్తువుకూ ఇంగ్లీషులో ఒక్కటే సరైన పేరుందనీ, దాన్ని లండన్‌లో ఎవరో బీరువాలో పెట్టి తాళం వేశారనీ ఆయన నమ్మకం. ఆ బీరువా లేదు. వెనక పిన్నీసున్న గుండ్రటి రేకు బిళ్ళనే తీసుకోండి. అమెరికాలో 1896 అధ్యక్ష ఎన్నికల్లో మెకిన్లీ వాళ్ళూ బ్రయన్ వాళ్ళూ పోటాపోటీగా పంచిపెట్టిన ఆ సరుకును అక్కడ బటన్ అంటారు. అట్లాంటిక్ దాటి ఇంగ్లండు వస్తే అదే బ్యాడ్జి. కోటుకు గుచ్చుకునేది అమెరికా వాడికి పిన్, ఇంగ్లీషువాడికి మళ్ళీ బ్యాడ్జే. నేర్పు చూపిన స్కౌటుకు అమెరికాలో ఇచ్చేది మెరిట్ బ్యాడ్జి, మన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఇచ్చేది ప్రొఫిషియెన్సీ బ్యాడ్జి. మిషా ఎలుగుబంటి బిళ్ళను తయారుచేసిన రష్యావాళ్ళు దాన్ని జ్నాచోక్ అన్నారు, బాబాయి అనుమతి అడగలేదు. ఇక ఇన్‌సిగ్నియా అంటారా, ఇంగ్లీషువాళ్ళు ఒకదానికీ పదింటికీ అదే మాట వాడి ఎప్పుడో చేతులు దులుపుకున్నారు. ఇన్‌సిగ్నే కోసం పోరాడుతున్న ఆఖరి సైనికుడు మన వీధి చివర ఉన్నాడు.

పదం ఖాయం చేసుకోకపోతే కొనేవాడు మోసపోడా అని ఆయన అడుగుతాడు. అడగాల్సిన ప్రశ్నే. కానీ నకిలీ అమ్మేవాడికి ఆ పదాలన్నీ బాబాయికన్నా బాగా వచ్చు. టోపీ బ్యాడ్జి వెనక నిలువు పట్టీ ఉంటే స్లైడర్ అనాలనీ, రెండు రింగులుంటే లగ్స్ అనాలనీ వాడు తప్పులేకుండా రాసిపెట్టి, నిన్న పోతపోసిన దాన్ని అంటగడతాడు. మోసం నుంచి కాపాడేది పేరు కాదు, వెనక్కి తిప్పి చూసే అలవాటు. పిన్ని ప్రతివాదం ఇంకొకటి: "అన్నీ బిళ్ళలేనండీ, ఆ డబ్బా ఇటివ్వండి, మినప్పప్పు పోసుకోవాలి." వంటింటి పాలనకు ఇది చాలుగాని, సీఐనీ డీఎస్పీనీ ఒకే డబ్బాలో పోస్తే డిపార్టుమెంటు నడవదు.

అయితే పిన్ని మాట అక్షరాలా సరిపోయే వస్తువు ఒకటి ఆ డబ్బాలోనే ఉంది. అరచేతిలో ఇమిడే ఇత్తడి పలక, అంచులు అరిగి నునుపుదేరాయి, మీద కచేరీ పేరు, వెనక పట్టీ దూర్చడానికి కొక్కేలు. తెల్లదొరల కాలంలో దీన్ని భుజం మీదుగా వేసుకున్న పట్టీకి తగిలించుకున్నవాడే బిళ్ళబంట్రోతు. వాడి అధికారమంతా ఆ ఇత్తడిలోనే ఉండేది. అది తీసేస్తే కలెక్టరు గుమ్మంలో వాడూ అర్జీదారూ ఒకటే. దీనికి ఏ ఇంగ్లీషు పేరు తగునా అని బాబాయి పుస్తకాలు తిరగేస్తాడు. దాన్ని మోసినవాడి ఉద్యోగం పేరులోనే జవాబుంది. ఇచ్చినవాడూ ధరించినవాడూ ఏమన్నారో అదే ఆ వస్తువుకు సరైన పేరు. పరమవీర చక్ర మీది బార్‌కు ఇదే న్యాయం, అమెరికా బటన్‌కు ఇదే న్యాయం, బంట్రోతు బిళ్ళకూ ఇదే న్యాయం.

కనక బాబాయిలకు నా మనవి: ప్రతి దాని కిందా ఒక చీటీ పెట్టండి. ఎవరిచ్చారు, ఎవరు ధరించారు, ఒంటి మీద ఎక్కడ, దేనితో తగిలించారు, ఈ నాలుగూ రాయండి. ఐదో గడిలో మీకిష్టమైన ఇంగ్లీషు రాసుకోండి, ఎవరూ అడ్డుచెప్పరు. మిగతావాళ్ళకు కూడా ఒక మాట. ఆయన తగాదా పడకపోతే ఆ డబ్బాలో సరుకంతా ఎప్పుడో పాత ఇత్తడి కింద తూకానికి పోయేది. మీ అటక మీద తాతల నాటి బిళ్ళ ఏదైనా ఉంటే, పాత సామాన్లవాడికి వేసేముందు ఆయనకు చూపించండి. పేరు దగ్గర ఒక గంట తినేస్తాడు. భరించండి.