మీసాలే నాకు కళ్ళు

నేను మీ వేలంత పొడవు కూడా ఉండను. ఒళ్ళు పాలిపోయి ఉంటుంది, మూతి చుట్టూ మూడు జతల మీసాలుంటాయి. కన్ను చుక్కంత. మా వాళ్ళలో కొందరికి అదీ చర్మం కింద మునిగిపోయింది. బస్తర్‌లో జగదల్‌పూర్‌కు దిగువన, కాంగేర్ లోయలో ఉన్న కుటుంసర్ గుహ మా ఊరు. గుహలో అడుగున నిలిచిన నీటి మడుగు మా ఇల్లు.

మేం చీకటిలో పుట్టిన జాతి కాదు. 1872లో ఫ్రాన్సిస్ డే అనే ఇంగ్లీషు వైద్యుడు పుణె దగ్గర దొరికిన ఒక చేపకు ‘ఎవెజార్డి’ అని పేరు పెట్టాడు. ఎండలో తిరిగే, కళ్ళున్న ఆ చేప మా దాయాదే. మా పెద్దలు ఏ వానాకాలంలోనో కాంగేర్ వరదకు కొట్టుకొచ్చి ఇక్కడే ఉండిపోయి ఉంటారు. వెలుగు లేని చోట కంటిని పోషించడం దండగ. తరాలు గడిచేకొద్దీ కన్ను సన్నగిల్లింది, ఆ బరువంతా మీసాల మీద పడింది. రాయి తగిలినా, పురుగు కదిలినా మీసమే చెప్పాలి. గబ్బిలాల రెట్ట, వరద తెచ్చిన ఆకుచెత్త, వాటిలో పెరిగే పురుగులు మాకు తిండి. నీళ్ళలో ఊపిరి చాలనప్పుడు పైకొచ్చి ఒక గుక్క గాలి మింగి, మళ్ళీ రాళ్ళ సందుకు పోతాను.

1950లలో శంకర్ తివారీ అనే భూగోళ శాస్త్రవేత్త ఈ గుహను శోధించి లోకానికి చూపించాడు. మా పక్కింటి ఇలకోడికి శాస్త్రవేత్తలు ఆయన పేరే పెట్టారు, కెంపియోలా శంకరి అని. ఆయన వెనకాలే జనం వచ్చారు. చూసి రమ్మంటే కాల్చి వచ్చినట్టు, కాగడాలతో వచ్చినవాళ్ళు పొగ వదిలిపోయారు. పైనుంచి దిగిన సున్నపురాతి ఊడ వేల ఏళ్ళకు ఒక రూపు దిద్దుకుంటుంది. దాన్ని విరవడానికి ఒక్క చెయ్యి చాలు. లోయ 1982లో జాతీయ ఉద్యానం అయింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. అదే విడతలో తెలంగాణలోని ముడుమాల్ నిలువురాళ్ళూ ఎక్కాయట. ఇప్పుడు గైడు వెంట లేనిదే ఎవర్నీ లోపలికి రానివ్వరు. వానలు మొదలైతే గుహ మూసేస్తారు.

మొన్న చలికాలంలో విశాఖ నుంచి ఒక మాస్టారు పిల్లల్ని వెంటబెట్టుకొచ్చారు. ఒక పిల్లాడు టార్చి సూటిగా మడుగులోకి కొట్టాడు. నేను రాతి కిందికి దూరాను. చూపు పోయినా వెలుగంటే బెదురు పోలేదు నాకు.

“సార్, దీనికి కళ్ళు లేవు. పాపం కదా?”

“పాపం ఏముందిరా! పసిఫిక్ సముద్రంలో వెయ్యి మీటర్లు దాటితే ఎండ పొడే ఉండదు. జపాన్ దగ్గర 8,336 మీటర్ల లోతులో కూడా చేప ఈదుతుంటే కెమెరాకు చిక్కింది. మన దేశమూ ముగ్గురు మనుషుల్ని ఆరు వేల మీటర్ల లోతుకు దించే జలాంతర్గామిని కడుతోంది. దాని పేరు మత్స్య 6000.”

నా జాతి పేరు వినేసరికి మీసాలు నిక్కబొడుచుకున్నాయి.

“మరి అక్కడికి మనుషులు చేరితే మంచిదేగా సార్?”

“మనకంటే ముందు మన చెత్త చేరింది. మేరియానా అగాధంలో, దాదాపు 11 కిలోమీటర్ల అడుగున, 1998లోనే ప్లాస్టిక్ సంచి కనిపించింది. పసిఫిక్ అడుగున బంగాళాదుంపల్లాంటి లోహపు గడ్డలున్నాయి. పది లక్షల ఏళ్ళకు కొన్ని మిల్లీమీటర్లు పెరుగుతాయి. వాటిని తవ్వుకుందామని కంపెనీలు చూస్తున్నాయి. ఏ దేశానికీ చెందని సముద్రాన్ని కాపాడుకోవడానికి 2023లో ఐక్యరాజ్యసమితిలో ఒప్పందం కుదిరింది.” ఆయన గొంతు దగ్గరైంది. “ఆ బిస్కెట్ కాగితం జేబులో పెట్టుకో. ఇక్కడి నీళ్ళు కాంగేర్‌లోకి, కాంగేర్ మన శబరిలోకి పోతాయి. శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ తర్వాత సముద్రమే.”

కాగితం గరగరలాడి జేబులోకి పోయింది. నా మడుగుకు అంత పొడుగు తోక ఉందని నాకూ ఆ రోజే తెలిసింది.

“ఒక్క నిమిషం లైట్లన్నీ ఆర్పండి,” అన్నారు మాస్టారు.

గుహ మళ్ళీ మా గుహ అయింది. మొదట ఒకరిద్దరు కిచకిచ నవ్వారు, తర్వాత సద్దుమణిగింది. ఊడ చివర నుంచి ఒక బొట్టు రాలింది. నాకు ఊపిరి చాలక పైకొచ్చి గాలి మింగాను. గుళుక్‌మంది.

“సార్, అదే! చేప!” అన్నాడు ఆ పిల్లాడు, గుసగుసగా.

టార్చి మాత్రం వెయ్యలేదు.