లోతు లెక్క

హైదరాబాదులో ఫిలాసఫీ చెప్పి రిటైరైన ప్రొఫెసరు గారు రాజోలు ప్రాంతంలో, మామిడికుదురు దగ్గర సొంతూళ్ళో ఇల్లు కట్టుకున్నారు. ఏకాదశికేకాదశికి రామాలయంలో గీత చెప్పేవారు. విన్నవాళ్ళు మెట్లు దిగుతూ, "ఎంత లోతుగా చెప్పారండీ! ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు" అనుకునేవారు.

ఇంటికి బోరు కావలసివచ్చింది. మేస్త్రీ పెరడంతా తిరిగి చూశాడు.

"ముప్పై అడుగులండి. లెంగ్తున్నర పైపు చాలు."

ప్రొఫెసరు గారు నవ్వారు. "హైదరాబాదులో మా అపార్టుమెంటు బోరు వెయ్యి అడుగులయ్యా. ముప్పై అడుగుల్లో ఏముంటుంది?"

"అక్కడ రాయండి. ఇక్కడ ఇసక. వానా, కాలవా ఇచ్చిన తీపి నీళ్ళు పైన తేలతాయి. ఉప్పునీళ్ళు బరువు కదండీ, అడుక్కి ఉంటాయి. పైవి పైపైనే తోడుకోవాలి."

"వేసవిలో కాలవలు కట్టేస్తే?"

"కాస్త దిగుతాయండి. ఎండిపోవు."

"పైపైన దొరికేదేదీ నిలవదు మేస్త్రీ. లోతుకి వెళ్ళాలి."

మేస్త్రీ తల గోక్కున్నాడు. "మన పక్కన లోతుకెళ్ళింది ఓఎన్‌జీసీ వాళ్ళండి. రెండున్నర కిలోమీటర్లు దాటి వెళ్ళారు. 1995 జనవరి 8న పాశర్లపూడి బావి అంటుకుంది. 65 రోజులు మండింది. మాకు రాత్రిళ్ళు దీపం అక్కర్లేకపోయింది."

"వాళ్ళు గ్యాసు కోసం వెళ్ళారు. నేను నీళ్ళ కోసం వెళ్తున్నాను. అయినా అడుగుకింతని కదా నీ కూలి? ముప్పై దగ్గర ఆపితే నష్టం నీకే."

"అవునండి."

"మరి?"

మేస్త్రీకి జవాబు తోచలేదు. మర్నాడు నలుగురు మనుషులతో వచ్చి పైపు దింపడం మొదలెట్టాడు. 30 అడుగుల దగ్గర ముతక ఇసక తగిలింది. చేతిపంపు బిగించి, బురద పోయేదాకా కొట్టి, గ్లాసు నింపి ఇచ్చాడు. ప్రొఫెసరు గారు తాగారు.

"బాగానే ఉన్నాయి. దింపు."

ఇంకా దింపాడు. ఇసక పోయి నల్లమట్టి వచ్చింది. నల్లమట్టిలో గవ్వ ముక్కలు వచ్చాయి. మేస్త్రీ ఒక ముక్క చేతిలో పెట్టి చూపించాడు. ప్రొఫెసరు గారు దాన్ని కడిగి జేబులో వేసుకున్నారు. తర్వాతి ఏకాదశికి రామాలయంలో అది చేతులు మారుతూ తిరిగింది. అందరూ కళ్ళకద్దుకున్నారు.

బోరు 200 అడుగుల దగ్గర ఆగింది. పది లెంగ్తులు పట్టాయి. మోటారు వేశారు. ప్రొఫెసరు గారు దోసిలి పట్టి నోట్లో పోసుకున్నారు. కాసేపు ఆగి మింగారు.

"ఖనిజాలు" అన్నారు.

ఆ మాట ఊళ్ళో పాకింది. ప్రెసిడెంటు గారు మేస్త్రీకి కబురు పెట్టారు. "ఆయనది రెండొందలైతే నాది ఇరవై ఎనిమిదని ఎలా చెప్పుకోనురా?" తర్వాత రైసుమిల్లు యజమాని పిలిచాడు. ఆ తర్వాత మేస్త్రీ ఎవరికీ ముప్పై అడుగుల సంగతి ఎత్తలేదు. ఏడాది తిరిగేసరికి వీధిలో పాత చేతిపంపులన్నీ ఇనపసామాను బండి ఎక్కాయి. బిందెలకి తెల్లచారలు పట్టాయి. కందిపప్పు ఉడకడం మానేసింది. ఎవరూ ఏమీ అనలేదు.

మేస్త్రీ మాత్రం తన ఇంటి పంపు పీకలేదు. ఒకరోజు గుమ్మం ముందు రేకు బోర్డు పెట్టాడు. "30 అడుగుల తీపి నీళ్ళు. టిన్ను 10 రూపాయలు."

వారం గడిచింది. ఒక్క టిన్ను పోలేదు. "ముప్పై అడుగుల నీళ్ళకి డబ్బులా!" అని నవ్వుకుంటూ పోయారు.

ఆదివారం సాయంత్రం మేస్త్రీ మళ్ళీ రంగు డబ్బా తీశాడు. 30 పక్కన ఇంకో సున్న చుట్టాడు.

సోమవారం తెల్లారేసరికి గుమ్మం ముందు టిన్నులు వరసకట్టాయి. నాలుగో రోజున ప్రొఫెసరు గారే స్వయంగా వచ్చారు. మేస్త్రీ కుర్చీ వేసి గ్లాసుతో నీళ్ళిచ్చాడు. ఆయన ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నారు. గ్లాసు ఖాళీ చేసి బోర్డు వంక చూశారు. చివరి సున్న మిగతా అంకెల కంటే నిగనిగలాడుతోంది.

"నేను ముందే చెప్పలేదూ, లోతుకి వెళ్ళాలని? రెండొందల దగ్గర ఆపేసి తప్పు చేశాం. రేపొచ్చి ఇంకో వంద దింపు."

మేస్త్రీ నోరు తెరిచాడు. వరసలో నిలబడ్డవాళ్ళందరూ ఇటే చూస్తున్నారు.

"ఆయ్" అన్నాడు. "ఇంకో అయిదు లెంగ్తులు పడతాయండి."