ముక్కు మింటికెత్తి: ఒక బురదపద్యానికి టీకా తాత్పర్యం

ముక్కు మింటికెత్తి, మునిగెడు పెట్టెకు
రెండు గొట్టములిడి, రేవు జొచ్చు
వాడు దాటు నీరు, వట్టి ధైర్యంబున్న
పిండరాని నీరు పిస్టనాపు.

అవతారిక: ఈ ఆటవెలది కర్త పేరు తెలియదు. దేశకాలాలు మాత్రం పద్యంలోనే దొరుకుతాయి. 'పిస్టను' అన్నాడు కనుక నన్నయకు సమకాలికుడు కాడు. 'మునిగెడు పెట్టె' అని బెల్టుపెట్టెను తలచాడు కనుక హోండా మూడు చక్రాల బండ్ల కాలం వాడూ కాడు, 1983 మోడల్‌గా సుజుకీ తొలి నాలుగు చక్రాల ఏటీవీని (ఎగుడుదిగుడు నేల మీద తిరిగే బండిని) దించిన నాటి వాడూ కాడు. 1985లో పోలారిస్ బెల్టుతో నడిచే బండి తెచ్చిన తర్వాతే గంటం పట్టి ఉండాలి. దేశం లూసియానా గాని, తూర్పు టెక్సాస్ గాని. నీటిగుంట కనబడితే చుట్టూ తిరిగి పోకుండా పనిగట్టుకొని అందులోకే బండి దించే జనం ఉన్నది అక్కడే. లూసియానాలోని ష్రీవ్‌పోర్టులో హై లిఫ్టర్ అని ఒక కంపెనీ ఉంది. బురద బండ్ల సామాను అమ్మడంతో ఆగక, టెక్సాస్‌లో 'మడ్ నేషనల్స్' పేరిట బురద తిరునాళ్లు కూడా జరిపించింది. అమెరికా బురదలోని కవి తెలుగు ఛందస్సు ఎందుకు ఎంచుకున్నాడన్న ప్రశ్న పూర్వ వ్యాఖ్యాతలెవరూ లేవనెత్తలేదు. నేనూ లేవనెత్తను.

ప్రతిపదార్థం: ముక్కు = ఇంజను గాలి పీల్చుకునే గొట్టమును, అనగా స్నార్కెల్‌ను; మింటికిన్ = ఆకాశమునకు, అనగా హ్యాండిల్ ఎత్తునకు; ఎత్తి = పొడిగించి; మునిగెడు = నీట మునుగునట్టి; పెట్టెకు = ఇంజను బలమును చక్రములకు అందించు బెల్టు తిరిగెడు పెట్టెకు; రెండు గొట్టములు = గాలి లోనికి వచ్చునది ఒకటి, వెలుపలికి పోవునది ఒకటి; ఇడి = అమర్చి; రేవు = నీటిని; చొచ్చువాడు = ప్రవేశించువాడు; నీరు దాటున్ = అవతలి గట్టు చేరును; వట్టి ధైర్యంబు = గొట్టములు లేని ధైర్యము; ఉన్నన్ = ఉన్నయెడల; పిండరాని = ఎంత నొక్కినను కుదించుకుపోని; నీరు = ఆ నీరే; పిస్టను = పిస్టనును; ఆపున్ = ఆపివేయును.

తాత్పర్యం: గొట్టాలు పెట్టుకున్నవాడు బండి మీద ఒడ్డెక్కుతాడు. పెట్టుకోనివాడు బండిని లాగించుకుంటూ ఎక్కుతాడు.

విశేషాలు: 'మింటికి' అనడం అతిశయోక్తి అలంకారం. దీన్ని అక్షరాలా పట్టుకొని తలకంటే ఎత్తుగా గొట్టం నిలిపే మతం ఒకటి ఉంది. అది యుక్తం కాదు. ఏటీవీ టైర్లు బూరెల్లా ఉబ్బి, 5 పీఎస్ఐ దరిదాపు గాలితో తిరిగేవి. నీళ్లు లోతయ్యేకొద్దీ అవి పైకి తేలబోతాయి, 300 కిలోలు దాటిన బండి కూడా నేల మీద పట్టు తప్పుతుంది. అక్కడినుంచి అది బండి కాదు, చుక్కాని లేని పడవ. ముక్కుకు ఇంకా గాలి అందుతూనే ఉంటుంది గాని వెళ్లే దిక్కు బండి చేతిలో లేదు. కనుక మిన్ను అంటే హ్యాండిలే. అసలు బండితో వచ్చే పుస్తకమైతే పాదాలు పెట్టే మెట్టు దాటి నీళ్లలోకి దిగవద్దంటుంది. మన కవి ఆ శాస్త్రాన్ని ధిక్కరించిన వర్గం వాడు.

'రెండు గొట్టములిడి' అన్నచోట 'ఒక్క గొట్టమె యిడి' అని పాఠాంతరం. గణాలు సరిపోతాయి, యతి చెడుతుంది. యతిని క్షమించినా బెల్టు క్షమించదు. బెల్టు రాపిడికి వేడెక్కుతుంది కనుక, ఆ పెట్టెలోకి చల్లగాలి ఒకవైపు వచ్చి వేడిగాలి మరోవైపు పోవాలి. వచ్చే దారి మాత్రమే ఎత్తి, పోయే దారిని కింద వదిలితే నీళ్లు ఆ దారినే లోపలికి వస్తాయి. తడిసిన బెల్టు జారుతుంది. ఇంజను అరుస్తుంది, చక్రం కదలదు. అప్పుడు పెట్టె అడుగున ఉన్న డ్రెయిన్ ప్లగ్గు విప్పి, నీళ్లు వంచి, న్యూట్రల్‌లో కాసేపు తిప్పి ఆరబెట్టుకోవడమే ప్రాయశ్చిత్తం. హోండా రాంచర్, ఫోర్‌మన్ వంటి గేర్ల బండ్లకు ఈ పాదం వర్తించదు. ఆ బండ్లవారికి ముక్కు ఒక్కటే చాలు, ఆ గర్వం కూడా వారికి ఉంటుంది.

గొట్టం దేనితో చేయాలన్నది కవి చెప్పలేదు. పీవీసీ మతం వారు రెండంగుళాల పైపు, ఎల్బోలు, సొల్యూషన్ డబ్బా తెచ్చుకొని సాయంత్రానికి కానిచ్చేస్తారు. కిట్టు మతం వారు అదే వస్తువును నల్లరంగులో, ఎక్కువ ధరకు, కొలతలు కుదిరేట్టు కొంటారు. నా మొగ్గు పీవీసీ వైపే. కాకపోతే ఎల్బో ఎల్బోకీ గాలికి అడ్డు పెరుగుతుంది, కార్బురేటర్ బండ్లలో జెట్లు మార్చుకోవాల్సి వస్తుంది. ఇప్పుడు మూడో మతం కూడా వచ్చింది: కెన్-యామ్ ఔట్‌లాండర్ ఎక్స్ ఎమ్ఆర్ వంటివి ఫ్యాక్టరీలోనే ముక్కెత్తుకొని పుడతాయి. వాటికి రేడియేటర్ కూడా బురదకు అందకుండా ముందు పైభాగానికి చేరింది.

ఏ మతమైనా ఒక పరీక్ష తప్పదు. ఇంజను నడుస్తుండగా స్నార్కెల్ నోటిని అరచేత్తో మూయాలి. ఇంజను వెంటనే ఆగిపోతే దీక్ష ఫలించినట్టు. ఆగకుండా నడిచిందా, ఫిల్టర్ డబ్బా మూత దగ్గరో, డబ్బా అడుగున కంపెనీ పెట్టిన చిల్లు దగ్గరో గాలి పీలుస్తోందన్నమాట. గాలి దూరిన దారినే నీరూ దూరుతుంది.

శంక: పొగగొట్టం మాట కవి ఎత్తలేదేం? సమాధానం: ఇంజను నడిచినంతసేపూ పొగ తన దారి తానే తోసుకుంటుంది, నీటిలో బుడగలు వేస్తూ పోతుంది. ఆగితేనే చిక్కు. అందుకే నీళ్లలోకి మెల్లగా దిగి, నడుమ థ్రాటిల్ వదలకుండా, ముందు లేచిన అలను తోసుకుంటూ పోవాలంటారు పెద్దలు.

'పిస్టనాపు' అన్న క్రియ మర్యాద కోసం వాడింది. గాలిని పిస్టను పదోవంతుకో అటూ ఇటుగానో నొక్కేస్తుంది. నీరు లొంగదు. కవాటాలు రెండూ మూసుకొని ఉంటాయి, పిస్టను పైకి వస్తుంది, నడుమ నీరు. ఎవరో ఒకరు తగ్గాలి. తగ్గేది కనెక్టింగ్ రాడ్, అది వంగిపోతుంది. 'రాడ్డు వంగు' అని కవి రాయవలసింది, పకారానికి యతి కుదరక వదిలాడు. నీళ్లలో ఆగిన బండికి మళ్లీ స్టార్టర్ నొక్కడం ఈ పాదాన్ని చదవనివారి లక్షణం. స్పార్కు ప్లగ్గు ఊడదీసి, ఆ తర్వాత తిప్పితే నీరు చిమ్ముకుంటూ బయటపడుతుంది.

ధ్వని: పద్యంలో లేనిదే ఇందులో ముఖ్యం. ముక్కు గురించి అందరికీ తెలుసు. బండికి చిన్న చిన్న ముక్కులు ఇంకా ఉన్నాయి. డిఫరెన్షియల్‌కు, గేరుపెట్టెకు, పెట్రోలు ట్యాంకుకు తలా ఒక సన్నని రబ్బరు గొట్టం. అవి ఎక్కడో ఫ్రేము చాటున ఆగి ఉంటాయి, వాటిని ఎవరూ చూడరు. నడిచి నడిచి వేడెక్కిన డిఫరెన్షియల్ చన్నీళ్లలో దిగితే లోపలి గాలి ముడుచుకుంటుంది, ఆ పీల్పుకు గొట్టం వెంటా సీళ్ల అంచులవెంటా నీళ్లు చేరతాయి. ఇంజను హాయిగా నడుస్తూనే ఉంటుంది, బండి గట్టెక్కుతుంది, ఫొటోలు కూడా దిగుతారు. నూనె మాత్రం లోపల పాలు పోసినట్టు తెల్లబడి ఉంటుంది. అలాగే వదిలేస్తే బేరింగులు, గేర్లు పాడవుతాయి. ఇంజను పోతే అప్పటికప్పుడు తెలుస్తుంది, ఇది వారాల తర్వాత తెలుస్తుంది. అందుకే ఈ చిన్న గొట్టాలన్నింటినీ హ్యాండిల్ దాకా లాగడమే అసలు స్నార్కెల్ పని అని నా సిద్ధాంతం. 'మింటికెత్తి' అన్న క్త్వార్థానికి ఇవన్నీ కర్మలేనని కూడా అన్వయిస్తాను; వ్యాకరణం ఒప్పుకోకపోయినా మెకానిక్కు ఒప్పుకుంటాడు.

ఫలశ్రుతి: ఈ పద్యాన్ని తన బండికి అన్వయించుకున్నవాడు కర్రతో లోతు కొలిచి నీట దిగును. ఇంటికొచ్చి నూనెలన్నీ ఒలికించి, రంగు చూసి, కొత్తవి పోయును. వైరు జాయింట్లకు డైఎలక్ట్రిక్ గ్రీజు రాయును. బ్రేకు ప్యాడ్లు బురదకు అరిగిపోయెనా అని చూచును. వారంటీ మాత్రం ఆశించడు.